ఎర్రకోటు వెనుక ఒక కుటుంబం

క్రిస్మస్ ముందు రాత్రి. అమెరికాలోని చికాగో నగర పరిసరాల్లో ఒక తండ్రి తన కుమారుని కోసం స్వయంగా వంట చేయబోయి, పొయ్యిలో పెట్టిన టర్కీకోడిని మాడ్చి బొగ్గు చేస్తాడు. చేసేది లేక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని, ఆ వేళకు కూడా తెరచి ఉన్న ఒక హోటలుకు వెళతాడు. లోపల అడుగుపెట్టగానే కనిపించే దృశ్యం మమ్మల్ని ఎన్నిసార్లు చూసినా ఒక క్షణం నిలబెట్టివేస్తుంది. గది నిండా తండ్రులూ పిల్లలూ. ఒక్క తల్లి కూడా లేదు. ఆ తండ్రులందరూ విడాకులు పొందినవారే. ఆ రాత్రి పిల్లలు తమ వంతుకు వచ్చినందున, వండడం చేతకాక, వారందరూ అక్కడికి చేరుకున్నారు. ప్రేక్షకులు నవ్వుతారని దర్శకుడు ఆ దృశ్యాన్ని పెట్టాడు. మేమూ నవ్వాము. కాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు.

1994 నవంబరులో వాల్ట్ డిస్నీ సంస్థ విడుదల చేసిన 'ది శాంతా క్లాజ్' చిత్రంలోనిది ఆ దృశ్యం. జాన్ పాస్క్విన్ దర్శకత్వం వహించిన ఆ చిత్రం ప్రపంచమంతటా 18 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2002లో రెండవ చిత్రం, 2006లో మూడవ చిత్రం వచ్చాయి. ఇక కథ ముగిసిందనుకున్న పదహారేళ్లకు, 2022 నవంబరులో అదే నటుడు టిమ్ అలెన్ అదే ఎర్రకోటు ధరించి 'ది శాంతా క్లాజెస్' అనే ధారావాహికలో మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. డిస్నీ ప్లస్‌లో ఆరు భాగాలుగా అది ప్రసారమైంది. మరుసటి ఏడాది మరో ఆరు భాగాలు వచ్చాయి.

ముస్లిం కుటుంబాల కోసం వెలువడే పత్రికలో క్రిస్మస్ తాత కథకు ఇన్ని పుటలెందుకని పాఠకులు అడగవచ్చు. మన ఇంటి పిల్లల చేతిలో ఫోను ఉన్నంతవరకు ఆ కథ మన ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. పిల్లలు మనలను అడిగి చూడరు. చూసిన తరువాత మాత్రం ప్రశ్నలు అడుగుతారు. అందువలన ముందుగా మేమే మూడు చిత్రాలనూ, పన్నెండు భాగాలనూ ఓపికగా చూశాము. చూడబోయే ముందు మా మనసులో ఉన్న సందేహాలు వేరు. చూసిన తరువాత మిగిలిన ఆలోచనలు వేరు.

మొదట ఆ పేరు సంగతి చెప్పాలి. క్రిస్మస్ తాతను ఆంగ్లంలో 'క్లాజ్' అంటారు. ఆ మాట చివర 'ఇ' అనే ఒక్క అక్షరం చేర్చితే ఉచ్చారణ మారదుగాని, అర్థం పూర్తిగా మారిపోతుంది; అప్పుడది ఒడంబడిక పత్రంలోని ఒక షరతు అవుతుంది. చిత్రం పేరులో ఉన్నది ఆ రెండవ మాటే. కథ మొత్తం ఆ ఒక్క అక్షరం మీద నిలబడి ఉంది.

స్కాట్ కాల్విన్ ఒక ఆటబొమ్మల సంస్థలో పెద్ద ఉద్యోగి. ప్రపంచంలోని పిల్లలందరికీ బొమ్మలు అమ్మగలడుగాని, తన కుమారుడు చార్లీ వద్దకు సమయానికి చేరుకోలేడు. భార్య లారా అతనినుండి విడిపోయి, నీల్ అనే మానసిక వైద్యుణ్ణి వివాహమాడింది. క్రిస్మస్ రాత్రి ఇంటి పైకప్పు మీద ఏదో అలికిడి అవుతుంది. స్కాట్ బయటికి వచ్చి గట్టిగా కేకవేయగా, పైనున్న ముసలాయన జారి కిందపడి మాయమవుతాడు. మంచులో ఆయన దుస్తులు మాత్రం మిగులుతాయి. జేబులో ఒక చీటీ దొరుకుతుంది: తనకేమైనా జరిగితే ఆ దుస్తులు తొడుక్కోవలసిందని దాని సారాంశం. కుమారుని బలవంతం మీద స్కాట్ వాటిని తొడుగుతాడు. అంతే. ఆ దుస్తులు ధరించినవాడు జీవితాంతం క్రిస్మస్ తాతగా పనిచేయవలెనన్న షరతు ఆ చీటీ మీద కంటికి ఆనని అక్షరాలలో ఉన్నదని ఉత్తర ధ్రువానికి వెళ్లిన తరువాతగాని అతనికి తెలియదు. అక్కడి పనివారి పెద్ద బెర్నార్డ్ ఆ మాటను గుమాస్తా ధోరణిలో, ఏ జాలీ లేకుండా చెబుతాడు. చదువుకోకపోవడం నీ తప్పేనన్నట్లు.

తరువాతి నెలల్లో స్కాట్ శరీరం మారసాగుతుంది. పొట్ట పెరుగుతుంది. గడ్డం గీసిన మరుక్షణమే మళ్లీ మొలుస్తుంది. జుట్టు తెల్లబడుతుంది. చార్లీ బడిలో తన తండ్రి క్రిస్మస్ తాత అని అందరికీ చెబుతాడు. తల్లి, సవతి తండ్రి హడలిపోతారు. తండ్రి మతి చలించిందనీ, పిల్లవాణ్ణి కూడా చెడగొడుతున్నాడనీ న్యాయస్థానానికి వెళతారు. న్యాయమూర్తి చార్లీ తన తండ్రిని కలిసే హక్కును నిలిపివేస్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పిల్లల చిత్రం కదా, సవతి తండ్రిని దుర్మార్గునిగా చిత్రించడం సులువు. కాని నీల్ దుర్మార్గుడు కాడు. లారా కూడా బిడ్డ మీద ప్రేమతోనే న్యాయస్థానం మెట్లెక్కుతుంది. పిల్లవాడు అబద్ధాల్లో మునిగిపోతున్నాడని వారి భయం. ముగ్గురు పెద్దలూ తమకు తోచిన మేలే కోరుతున్నారు. ఆ ముగ్గురి మధ్య బిడ్డ నలిగిపోతున్నాడు. ఖులా, తలాఖ్ తగాదాలలో పెద్దమనుషులుగా కూర్చున్న పాఠకులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బిడ్డ ఎవరివద్ద ఉండాలన్న వాదన మొదలైతే, తప్పు ఎవరిదన్న వాదన ఎంతకీ తెగదు. చిత్రం చివర లారా ఆ కోర్టు కాగితాలను నిప్పులో వేసి, తండ్రి ఎప్పుడైనా వచ్చి బిడ్డను చూడవచ్చునని చెబుతుంది. మాకు ఈ కథలో అన్నింటికన్న నచ్చిన ఘట్టమది. అందులో మాయలేదు, మంత్రం లేదు. ఒక స్త్రీ తన పంతాన్ని విడిచిపెట్టింది.

ఆ తరువాత చార్లీ వద్దనున్న గాజుగోళం సంగతి బెర్నార్డ్ అతనికి చెబుతాడు. తండ్రి మీద బెంగ కలిగినప్పుడల్లా దానిని కుదిపితే చాలు, తండ్రి వస్తాడు. పిల్లవాడు కాసేపైనా ఆగలేక దానిని కుదుపుతాడు. తండ్రి వస్తాడు.

మా ఇంట్లో ఈ చిత్రం చూస్తున్నప్పుడు ఏడేళ్ల పిల్లవాడొకడు అడిగిన ప్రశ్నను ఇక్కడ చెప్పకుండా ఉండలేము. వాని తండ్రి దమ్మామ్‌లో పనిచేస్తున్నాడు. రెండేళ్లకొకసారి సెలవు మీద వస్తాడు. "వాళ్ల అబ్బా కూడా పెట్టె నిండా సామాను తెచ్చి మళ్లీ వెళ్లిపోతాడా?" అని వాడు అడిగాడు. పెద్దలెవ్వరూ వెంటనే బదులు చెప్పలేకపోయాము. కడప నుండి, కరీంనగర్ నుండి, హైదరాబాదు పాతబస్తీ నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లిన వేలాది తండ్రుల ఇళ్లలో పిల్లలకు అబ్బా అంటే ఏమిటి? పొద్దున ఫోనులో కనిపించే ముఖం, రెండేళ్లకొకసారి తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టె, చాక్లెట్లు, అత్తరు సీసాలు, ఒక నెల సంబరం. ఒడంబడిక మాట కూడా వారికి కొత్త కాదు. తమకు చదువరాని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేసి విమానమెక్కినవారు మనలో ఎందరో ఉన్నారు. ఏ షరతుకు తలవంచామో అక్కడికి చేరిన తరువాతగాని వారికి తెలియలేదు. హాలీవుడ్ రచయితలకు మన గల్ఫ్ సోదరులు గుర్తు వచ్చి ఉండరు. అయినా ఆ పిల్లవానికి తెరమీద కనిపించింది వాని అబ్బాయే.

రెండవ చిత్రం కథ కొంత తేలిక. క్రిస్మస్ తాతకు పెళ్లి కావలెనన్న మరొక షరతు బయటపడుతుంది. గడువు లోపల పెళ్లాడకుంటే ఉద్యోగం పోతుంది. స్కాట్ తన కుమారుని బడి ప్రధానోపాధ్యాయురాలు కెరొల్ న్యూమన్‌ను వివాహమాడుతాడు. నడుమ బొమ్మ తాత ఒకడు ఉత్తర ధ్రువంలో నియంతగా మారే వినోదమంతా పిల్లలకు బాగానే ఉంటుంది. మాకు గుర్తుండిపోయినది వేరొకటి. చార్లీ ఇప్పుడు కౌమారంలో ఉన్నాడు. బడి గోడల మీద రాతలు రాసి పట్టుబడుతున్నాడు. ఇతర పిల్లలు తమ తండ్రులు ఏం చేస్తారో గర్వంగా చెప్పుకుంటారు, అతడు చెప్పుకోలేడు. రహస్యం మోసి మోసి విసిగిపోయిన బిడ్డ అతడు.

మూడవ చిత్రం గురించి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. జాక్ ఫ్రాస్ట్ అనే పాత్ర పన్నాగం వలన కాలం వెనక్కి తిరిగి, స్కాట్ ఆ కోటు ఎన్నడూ తొడగని జీవితం ఒకటి కనిపిస్తుంది. ఉత్తర ధ్రువం టిక్కెట్టు పెట్టిన విహారకేంద్రంగా మారిపోయి ఉంటుంది. హాస్యం అరువు తెచ్చుకున్నట్లుంది. కెరొల్ తల్లిదండ్రులను ఉత్తర ధ్రువానికి రప్పించి, అది కెనడా అని నమ్మించే ప్రయత్నం మాత్రం నవ్వించింది. అల్లుడి ఉద్యోగమేమిటో అత్తమామలకు చెప్పుకోలేని ఇళ్లు అన్ని దేశాలలోనూ ఉంటాయి కాబోలు.

ఇక ధారావాహిక. జాక్ బర్డిట్ దీనిని రూపొందించాడు. కథ మొదలయ్యేసరికి స్కాట్‌కు అరవై అయిదేళ్లు నిండబోతున్నాయి. సుమారు ముప్పై ఏళ్లుగా ఆ కోటులో ఉన్నాడు. ఇప్పుడు అతని శక్తి సన్నగిల్లుతున్నది. చేయవలసిన పనులలో పొరపాట్లు జరుగుతున్నాయి. క్రిస్మస్ తాత మీద లోకానికి నమ్మకం తగ్గుతున్నందున అతని బలం కూడా తగ్గుతున్నదని వివరణ ఇస్తారుగాని, మాకు అది పదవీ విరమణ దగ్గరపడిన ఏ ఉద్యోగి కథనైనా తలపించింది. ముప్పై ఏళ్లు ఒకే పని చేసినవానికి ఆ పని తీసివేస్తే ఏమి మిగులుతుంది?

మొదటి మూడు చిత్రాలలో ఎవరూ అడగని ప్రశ్నను ఈ ధారావాహిక అడిగింది. క్రిస్మస్ తాత ఇంట్లో ఉండేవారి సంగతేమిటి? కెరొల్ ఒకప్పుడు బడి నడిపిన స్త్రీ. ఉత్తర ధ్రువంలో ఆమెకు సొంత పేరు కూడా లేకుండా పోయింది. అందరికీ ఆమె తాతగారి భార్య మాత్రమే. పెద్దవాడు కాల్, చిన్నది సాండ్రా మామూలు లోకమెలా ఉంటుందో తెలియకుండా పెరిగారు. కాల్‌కు ఏ పనీ సరిగా చేతకాదు. సాండ్రాకు జంతువులతో మాట్లాడడం వచ్చునుగాని, తన ఈడు పిల్లలతో స్నేహం చేయడం రాదు. ప్రపంచమంతటి పిల్లల కోరికల చిట్టా తండ్రి వద్ద ఉన్నది. తన పిల్లలకేమి కావాలో అతడు ఆలస్యంగా గమనిస్తాడు. స్కాట్ చెడ్డ తండ్రి కాడు, ప్రేమ ఉన్నవాడే, ఇంట్లోనే ఉన్నవాడు కూడా. అయినా మనసంతా పని మీదనే.

కోటు విడిచిపెట్టడానికి కూడా ఒక షరతు ఉన్నదని తేలుతుంది. దానిని ఉపయోగించుకొని మామూలు మనిషిగా బతకాలని స్కాట్ నిశ్చయించుకుంటాడు. ముందుగా తన పెద్దకుమారుడు చార్లీ గుర్తుకు వస్తాడు. 1994లో ఆ పిల్లవాని పాత్ర ధరించిన ఎరిక్ లాయిడ్ ఇప్పుడు పెద్దవాడై అదే పాత్రలో కనిపించడం పాత ప్రేక్షకులకు ఒక చిన్న బహుమతి. చార్లీకి భార్య ఉంది, బిడ్డలున్నారు. ఆ కోటు అతడు తీసుకోడు. ఒకప్పుడు తండ్రిని బలవంతపెట్టి ఆ దుస్తులు తొడిగించినవాడు ఆ పిల్లవాడే కదా! ధారావాహిక ఈ సంగతి మీద ఇంకొంచెం సేపు నిలిచి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం. గాజుగోళం కుదిపిన ఆ చేతులు ఆ కోటును వద్దన్నప్పుడు వాని మనసులో ఏముందో వినాలని మాకు ఉండింది. రచయితలు తొందరగా ముందుకు సాగిపోయారు.

వారసునిగా ఎంపికైనవాడు సైమన్ చోక్సీ. ఈ పాత్ర ధరించిన కాల్ పెన్ గుజరాత్ నుండి అమెరికాకు వలస వెళ్లిన దంపతుల కుమారుడు. అసలు పేరు కల్పెన్ మోదీ. నటనకు కొంతకాలం విరామమిచ్చి అధ్యక్షుడు ఒబామా కార్యాలయంలో కూడా పనిచేసినవాడు. ఉత్తర ధ్రువపు సింహాసనం మీద భారతీయ మూలాలున్న ముఖం కనిపించడం మన పిల్లలకు వింతగానూ ముచ్చటగానూ ఉంటుంది. సైమన్ కొత్త వస్తువులు కనిపెట్టే వ్యాపారి. భార్య లేని ఇంట్లో గ్రేస్ అనే కూతురిని ఒంటరిగా పెంచుతున్నాడు. మొదటి చిత్రంలోని స్కాట్ వలెనే పనిలో పడి కూతురికి సమయమివ్వలేకపోతున్నాడు. అందువలననే ఆ పదవికి ఒప్పుకుంటాడు. ఇకమీదట కూతురి పక్కనే ఉంటూ పనిచేసుకోవచ్చునని అతని ఆశ.

ఆ తరువాత జరిగినది ఈ కథలో అన్నింటికన్న పదునైన భాగం. ఏడాదికొక్క రాత్రి కానుకలు ఇవ్వడమెందుకు, ప్రతిరోజూ ఇవ్వవచ్చును కదా అని సైమన్‌కు తోస్తుంది. ఉత్తర ధ్రువంలోని అద్భుతశక్తిని తన సంస్థ చేతికిచ్చి, కోరినది కోరిన వెంటనే గుమ్మం ముందుకు చేర్చే వ్యాపారంగా మార్చివేస్తాడు. ప్రతిరోజూ క్రిస్మస్. అలా జరుగుతున్నకొద్దీ అక్కడి పనివారు ఒక్కొక్కరుగా అదృశ్యమైపోతుంటారు. పిల్లలకది మాయాజాలంగా కనిపిస్తుంది. ఇంటింటికీ పొట్లాలు చేర్చే యువకుల పరుగును రోజూ చూస్తున్న మనకు అందులో వేరే సంగతి కనిపించకపోదు. వస్తువు వచ్చిందన్న సందేశం ఫోనులో చూస్తాము. తెచ్చినవాని ముఖం మనకు గుర్తుండదు.

డిస్నీ సంస్థే ఈ మాట చెప్పడంలోని వింత మాకు కనిపించక కాదు. క్రిస్మస్‌ను వ్యాపారం చేయరాదని హితవు చెప్పే ఈ ధారావాహికను నెలనెలా రుసుము చెల్లించినవారే చూడగలరు. ఆ మాటకొస్తే ఎర్రకోటు తాతకూ వ్యాపారానికీ ఉన్న బంధం పాతదే. నాలుగవ శతాబ్దంలో నేటి తుర్కియేలోని మైరా పట్టణంలో నికొలస్ అనే మతగురువు ఉండేవాడు. ఆ ఊరి పేరిప్పుడు దెమ్రే. కట్నమిచ్చుకోలేని ఒక పేద తండ్రి ముగ్గురు కూతుళ్ల పెళ్లి కోసం ఆయన రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బంగారు నాణేల సంచులు వారి ఇంట్లో విసరి వెళ్లాడని ఐతిహ్యం. ఆయన అస్థికలను 1087లో ఇటలీలోని బారి నగరానికి తరలించారు. డచ్చివారు ఆ పేరును న్యూయార్క్‌కు తీసుకువెళ్లారు. 1823లో అక్కడ వెలువడిన ఒక పద్యం ఆయనకు ఎనిమిది జింకల బండిని ఇచ్చింది. 1863 నుండి టామస్ నాస్ట్ అనే చిత్రకారుడు ఆయనకు రూపమిచ్చాడు. 1931 మొదలు కోకాకోలా ప్రకటనలు ఆ ఎర్రకోటు బొజ్జతాతను ప్రపంచమంతటా తిప్పాయి. తన పేరు ఎవరికీ తెలియరాదని చీకట్లో వచ్చిన మనిషి చివరకు లోకంలోకెల్లా పేరుపొందిన ప్రకటన బొమ్మ అయ్యాడు. కట్నం కోసం అమ్మాయిల పెళ్లిళ్లు ఆగిపోయే మన ఊళ్లలో ఆ మొదటి కథే ఎక్కువ అవసరమని మాకు అనిపించింది.

మతపరమైన సందేహం పాఠకులలో తప్పక ఉంటుంది. ఈ చిత్రాలలో క్రైస్తవ మతబోధ దాదాపు లేదు. మర్యం కుమారుడు ఈసా (అలైహిస్సలాం) జననాన్ని గురించి మన పిల్లలకు ఖుర్ఆన్‌లోని మర్యం సూరా ద్వారా తెలిసినంత కూడా ఈ కథ చూసి తెలియదు. క్రైస్తవ సోదరులు కొందరికి ఇదే బాధ. మాకున్న అభ్యంతరం మరొకచోట ఉంది. కళ్లకు కనిపించకపోయినా నమ్మాలన్న మాటను ఈ కథ పదేపదే చెబుతుంది. ఏమి నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్న దానిని వదిలివేస్తుంది. ఉన్నదీ లేనిదీ ఒకే పేరుతో నమ్మించడం పిల్లల మనసుకు మేలు చేయదు. అబూదావూద్ సంకలనంలోని ఒక హదీసు చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. ఒక తల్లి తన బిడ్డను "రా, నీకొకటి ఇస్తాను" అని పిలిచినప్పుడు, ఏమివ్వదలచుకున్నావని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆమెను అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది ఆమె లెక్కలో అబద్ధంగా నమోదయ్యేదని ఆయన సెలవిచ్చారు. ఆ కొలతతో చూస్తే తప్పు లేని ఇల్లు మాది కాదని ఒప్పుకోవాలి. పండక్కి వస్తానని ఫోనులో చెప్పే అబ్బాలూ, రేపు కొంటానని చెప్పే అమ్మీలూ మన చుట్టూ తక్కువేమీ లేరు. బిడ్డ ఆ మాటలను ఎక్కడో రాసిపెట్టుకుంటూనే ఉంటాడు.

మా పిల్లవానికి మేము చెప్పినది ఇంతే: జింకలు ఎగరవు, ఆ తాత కల్పన, పొరుగింటి క్రైస్తవ స్నేహితుడు అది నిజమంటే వానితో జగడమాడి వాని సంతోషం చెడగొట్టవద్దు. వాడు తలూపాడు. వానికి ఆ విషయం మీద అంత పట్టింపు ఉన్నట్లు కనిపించలేదు. గాజుగోళం ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాడు.

మొదటి విడత చివర సైమన్ తన పొరపాటు తెలుసుకుంటాడు. స్కాట్ తిరిగి కోటు ధరిస్తాడు. ఇలా జరుగుతుందని మొదటి భాగంలోనే ఊహించగలము. చికాగోలో ఆ కుటుంబం గడిపిన రోజులే మాకు ఎక్కువ నచ్చాయి: అక్కడ కెరొల్ మళ్లీ బడిలో అడుగుపెట్టడం, పిల్లలు మామూలు మనుషుల మధ్య తడబడడం, ఏ పనీ లేని తండ్రి ఇంట్లో ఏమి చేయాలో తోచక తిరగడం. సౌదీనుండి శాశ్వతంగా తిరిగివచ్చిన మగవారి మొదటి ఆరు నెలలు చూసినవారికి ఆ తడబాటు బాగా తెలుసు.

రెండవ విడతలో స్కాట్ తన కుమారుడు కాల్‌ను వారసునిగా తయారుచేయబూనుతాడు. పద్నాలుగవ శతాబ్దపు పిచ్చి తాత ఒకడు, దివాలా తీయబోతున్న విహారకేంద్రం యజమాని ఒకడు కథలో ప్రవేశించి సందడి చేస్తారు. సందడి ఎక్కువైంది, కథ పలచబడింది. అయినా ఒక సంగతి ఆలోచింపజేస్తుంది. తండ్రి కళ్లు కొడుకు మీదనే ఉండగా, అసలైన శక్తి కూతురు సాండ్రాలో మేలుకుంటున్నది. దుకాణం కొడుకుకే, చదువు కొడుకుకే అనుకునే ఇళ్లలో ఆ భాగాలను తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చొని చూడవచ్చు.

సాండ్రా పాత్ర ధరించిన అమ్మాయి ఎలిజబెత్ టిమ్ అలెన్ సొంత కూతురే. ఆ విషయం తెలిసిన తరువాత వారిద్దరి దృశ్యాలను మేము మళ్లీ చూశాము. టిమ్ అలెన్ జీవితంలో ఒక సంఘటన ఉంది. ఆయనకు పదకొండేళ్ల వయసులో, 1964లో, మద్యం సేవించి వాహనం నడుపుతున్న వ్యక్తి ఢీకొనడం వలన ఆయన తండ్రి మరణించాడు. తొంభైలలో 'హోమ్ ఇంప్రూవ్‌మెంట్' ధారావాహికలో మొదలుకొని నేటివరకు ఆయన ఎక్కువగా ధరించినవి తండ్రి పాత్రలే. 2022 నవంబరులో ఆ ఎర్రకోటుతో ధారావాహికలో ప్రత్యక్షమయ్యేనాటికి ఆయన వయసు అరవై తొమ్మిది. పక్కన నిలుచున్న కూతురికి అప్పటికి పదకొండేళ్లు దాటాయి.